ఏటి నీరు, మంత్రి నీడ

పూర్వం త్రిలోచనుడనే కొత్త మంత్రి ఒకడుండేవాడు. కార్తికంలో కొలువులో చేరింది మొదలు నెలనెలా ఏటిలో గడ దింపి లోతు చూసేవాడు. అప్పుడు నిలువెత్తున్న నీరు వైశాఖానికి మోకాటి లోతుకు దిగింది. ఒకనాటి పొద్దున్నే రాజును రేవుకు తీసుకొచ్చాడు.

"ఏరు చచ్చిపోతోంది ప్రభూ. ఇక పడవలెందుకు? విరగ్గొట్టించి ఆ కలపతో ఏనుగులశాల కట్టిద్దాం."

రేవులో పడవ నడిపే నూకాలు ఆ మాట వింది. పడవ పోతే ఆమె ఇంట పొయ్యి వెలగదు. మంత్రి వాదన మిట్టమధ్యాహ్నం దాకా సాగింది. అప్పుడామె చేతులు జోడించింది.

"మారాజా, మంత్రిబాబు నీడ చూడండి. పొద్దున తాటిచెట్టంత ఉండేది, ఇప్పుడు జానెడైంది. ఈ లెక్కన మాపటికి బాబే ఉండరు. పాడె కట్టించమంటారా?"

"నోర్ముయ్! నీడ రోజూ తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది," అని మంత్రి కసిరాడు.

"ఏరూ అంతే బాబూ. దానికి రోజు బదులు ఏడాది పడుతుంది."

రాజు నవ్వాడు. "మరి ఏరు నిజంగానే ఎండిపోతుంటే తెలిసేదెలా?"

"ఈ వైశాఖాన్ని పోయిన వైశాఖంతో పోల్చండి మారాజా, కార్తికంతో కాదు."

పోయిన వైశాఖంలో తాను పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి ఇక్కడే ఏరు దాటిన సంగతి రాజుకు గుర్తొచ్చింది.

"పడవల జోలికి పోవద్దు," అన్నాడు. "మంత్రీ, నువ్వు కొలవడం మానకు. ఏడాది తిరిగేదాకా నోరు మాత్రం విప్పకు."