రాళ్ల వరుస దగ్గర ఆగిన సంబరాల తోట

అనగనగా ఒక అడవిలో, రెండు కొండల నడుమ, చదునైన పచ్చిక బయలు ఒకటి ఉండేది. ఆ బయలు మీద లంకయ్య అనే కొండముచ్చు కన్ను పడింది.

లంకయ్య జంతువులన్నిటినీ పిలిచాడు. "ఇక్కడ సంబరాల తోట కడదాం!" అన్నాడు. "పెద్ద జారుడుబండ, తీగల ఊయలలు, గిర్రున తిరిగే రాట్నం! పక్క అడవుల వాళ్లంతా పిల్లాపాపలతో వస్తారు. ఉండడానికి విడిది గుడిసెలు వేద్దాం. తినడానికి ఇప్పపూలు, రేగుపళ్లు పెడదాం."

"కోతి బుద్ధి ఎక్కడికి పోతుంది?" అని అడవిపంది గొణిగింది. కానీ జారుడుబండ మాట వినగానే దాని తోక కూడా ఊగింది.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉంది. ఏ పొదను కొట్టాలన్నా, ఏ రాయిని కదపాలన్నా, ముందు అందరికన్నా పెద్ద ఏనుగును అడగాలి. "దీని వెనక ఏముంది?" అని. అంటే, అది అక్కడ ఉండడానికి ఏదైనా కారణం ఉందా అని. "ఏమీ లేదు" అంటే తీసేయవచ్చు. "ఉంది" అంటే ముట్టుకోకూడదు. ఏనుగు ఏదీ మరిచిపోదు కదా మరి!

ఆ పెద్ద ఏనుగు పేరు బూదమ్మ. అందరూ బూదవ్వ అని పిలిచేవారు. పిల్లలూ, ఎవరికీ తెలియని సంగతి ఒకటి చెబుతాను. బూదవ్వకు మతిమరుపు మొదలైంది. మొన్నటికి మొన్న సొంత మనవరాలి పేరు నాలుక చివరకు వచ్చి ఆగిపోయింది. "ఏమే బంగారూ" అని ఎలాగో సర్దుకుంది. ఈ సంగతి బయటపడితే ఇక తనను ఎవరు అడుగుతారు? ఏ చెట్టు చాటునో ఊరికే నిలబడాల్సిందే. ఆ భయంతో ఆమెకు మేత కూడా సరిగా దిగేది కాదు.

ముందుగా లంకయ్య ఆమెను పడమటి వైపు ముళ్లపొదల దగ్గరికి తీసుకువెళ్లాడు.

"అవ్వా, వీటి వెనక ఏముంది?"

బూదవ్వ ఎంత తడుముకున్నా మనసులో మబ్బే కనిపించింది. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. "ఏమీ లేదురా, తీసెయ్" అంది.

పొదలు పోయాయి. వేసవి వడగాలికి అడ్డం లేకుండా పోయింది. ఆ పొదల చాటున ఉన్న పూరేడు పిట్టల గూళ్లలో గుడ్లన్నీ మాడిపోయాయి. తల్లి పూరేడు ఎవరినీ తిట్టలేదు. "అవ్వ చెప్పాక తప్పెలా అవుతుంది? నా ఖర్మ" అని ఎగిరిపోయింది. తిట్టినా బాగుండేదనుకుంది బూదవ్వ.

తరువాత ఒక మట్టిపుట్ట అడ్డం వచ్చింది.

"దీని వెనక ఏముందవ్వా?"

ఈసారి బూదవ్వ భయపడింది. మళ్లీ పొరపాటు జరిగితే? "ఉంది, ఉంది! మా ముత్తవ్వ మొక్కిన పుట్ట ఇది. ముట్టుకోకండి!" అంది.

కుందేళ్లు వెంటనే పూలు తెచ్చి పుట్ట మీద పోశాయి. చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టాయి. ఇంతలో ఒక చెదపురుగు తల బయట పెట్టింది.

"ఎవరమ్మా నా వాకిట్లో పూలు పోసేది? తలుపు తెరుచుకోవడం లేదు! కిందటి వానలకు కట్టుకున్న ఇల్లు, ఇంకా తడి కూడా ఆరలేదు!"

అందరూ పడీపడీ నవ్వారు. "అవ్వ సరదాకి అందిలే" అని లంకయ్య సర్ది చెప్పాడు. బూదవ్వ చెవులు మాత్రం వాలిపోయాయి.

ఇక మిగిలింది ఒక్కటే. బయలు మధ్యగా పొడుగునా ఒక రాళ్ల వరుస ఉంది. దానికి దిగువన మెత్తటి ఇసుక, ఆ పక్కన ఎండిపోయిన చిన్న వాగు. ఎంత వాన పడినా ఆ వాగు మోకాలి లోతు దాటి పారిన గుర్తు అక్కడెవరికీ లేదు. జారుడుబండ, ఊయలలు, రాట్నం అప్పటికే అక్కడ లేచాయి.

"అవ్వా, తల్లులూ పిల్లలూ పడుకునే గుడిసెలు కూడా ఈ ఇసుకలోనే వేస్తాను. ఈ రాళ్లు తీసి మెట్లు కడతాను. త్వరగా చెప్పు. చుట్టాలు దారిలో ఉన్నారు. వీటి వెనక ఏముంది?"

బూదవ్వ రాళ్లు దాటబోయింది. కాలు లేవలేదు. ఎందుకో తెలియదు. "ఏమీ లేదు" అందామా? పూరేడు గుర్తొచ్చింది. "ఉంది" అందామా? చెదపురుగు గుర్తొచ్చింది. ఈసారి గుడిసెల్లో పడుకునేది పసిపిల్లలు.

"నాకు గుర్తు లేదు" అంది బూదవ్వ.

"అంటే ఉన్నట్టా? లేనట్టా?"

"రెండూ కాదురా. నాకు మతిమరుపు వచ్చింది. ఆ ముళ్లపొదల సంగతీ నాకు గుర్తు లేదు. పుట్ట కథ నేను కల్పించిందే."

"ఏనుగుకు మతిమరుపా!" అంది అడవిపంది. "రేపు చేప వచ్చి ఈత మరిచిపోయానంటుంది!"

లంకయ్యకు కోపం వచ్చింది. "ఇప్పుడా అవ్వా ఈ మాట? గుడిసెలు నా నెత్తిన వేసుకోనా?"

"ఈ ఒక్కపూట ఆగు నాయనా. నన్నొక్కదాన్నే కాదు, అందరినీ అడుగు."

లంకయ్య విసుక్కుంటూనే అడిగాడు.

"మేం ఈ రాళ్లకు దిగువన గుడ్లు పెట్టం" అంది తీతువు పిట్ట. "ఎందుకో తెలియదు. అమ్మ పెట్టలేదు, నేనూ పెట్టను."

"ఉరుము వినగానే రాళ్లు దాటి పైకి పోవాలనేది మా అమ్మ" అంది తాబేలు. "నేను పైకి చేరేసరికి ఎండ కాసేది. అందుకే మానేశాను."

బూదవ్వ కళ్లు మూసుకుంది. "మా అమ్మ నన్ను తొండంతో ఈ రాళ్ల మీదుగా పైకి నెట్టింది. మోకాలు చెక్కుకుపోయింది. ఎందుకు నెట్టిందో గుర్తు లేదు. ఆమె వణకడం ఒక్కటే గుర్తుంది."

లంకయ్య రెండు కొండల వైపూ తలెత్తి చూశాడు. ముసురుకుంటున్న మబ్బులను చూశాడు. చివరకు, "రాళ్లు కదపకండి. గుడిసెలు ఎగువన వేయండి" అన్నాడు.

చుట్టాలు వచ్చారు. పిల్లలు జారారు, ఊగారు, అరిచారు. ఇంతలో కొండల మీద వాన విరుచుకుపడింది. చినుకులు మొదలవగానే తల్లులు పిల్లలను లాక్కుని ఎగువ గుడిసెల్లోకి పరుగెత్తారు. ఆ వెనకే వాగు వచ్చింది. ఎర్రటి నీళ్లు, చెట్ల మొదళ్లు, ఒకటే హోరు. జారుడుబండ పోయింది. ఊయలలు పోయాయి. నీళ్లు రాళ్ల వరుస దాకా వచ్చి, అక్కడ ఆగాయి.

లంకయ్య తడిసి ముద్దై బూదవ్వ పక్కన కూలబడ్డాడు. "నా రాట్నం పోయిందవ్వా."

"మళ్లీ కడదాం లేరా. ఈసారి ఎగువన."

గుడిసెల్లో పిల్లల కిచకిచలు వినిపిస్తున్నాయి. కాసేపటికి లంకయ్య మెల్లగా అడిగాడు. "అవ్వా, ఇప్పుడైనా నీకు గుర్తొచ్చిందా?"

"లేదురా. ఇంకా రాలేదు" అంది బూదవ్వ. "నీకు గుర్తుంటుందా?"

"చచ్చేదాకా."

"అయితే చాలు."

నీతి: మరిచిపోవడం తప్పు కాదు, మరిచినదాన్ని గుర్తున్నట్టు చెప్పడమే తప్పు. "తెలియదు" అని ఒప్పుకుంటే నలుగురి జ్ఞాపకం తోడు వస్తుంది.