సరంగు అడిగిన తాయెత్తు

కోరంగి రేవులో ఓడ నడిపే లోవయ్య సరంగుకు కొన్నాళ్లుగా కంటిమీద కునుకు లేదు. కిందటేడు రంగూను దారిలో అతని సావాసగాడి ఓడను సముద్రపు దొంగలు దోచుకున్నారు. ఓడ దొరికింది గానీ మనుషులు దొరకలేదు. ఇప్పుడు అదే దారిన లోవయ్య ఓడ వెళ్లాలి. అతని మాట నమ్మి పెళ్లాం బిడ్డల్ని వదిలి వచ్చిన కళాసీలంతా అందులోనే ఉన్నారు.

అందుకని అతను చెయ్యని ఏర్పాటు లేదు. ఫిరంగులు పెట్టించాడు. ఓడ అంచుల వెంట ముళ్లకంప కట్టించాడు. నాలుగు వైపులా బల్లేలిచ్చి మనుషుల్ని నిలబెట్టాడు. అయినా గుండె పీచుపీచుమంటూనే ఉంది. చివరికి ఇసుకదిబ్బ మీద పాకలో ఉండే తన గురువు, బురాన్ బాబా అనే ముసలి ఫకీరు దగ్గరికి పోయాడు.

"చీమ దూరే సందు కూడా లేకుండా చేశానండి బాబా. తమరొక తాయెత్తు కట్టేస్తే నిశ్చింతగా పోతాను."

"సందే లేనప్పుడు తాయెత్తెందుకు నాయనా?"

లోవయ్య బుర్ర గోక్కున్నాడు. "భయం పోవట్లేదండి."

"సరే, ఓడ మీదకే వచ్చి కడతాను" అన్నారు బాబా.

మర్నాడు పొద్దున్నే ఒడ్డు వైపు నుంచి చిన్న పడవలో వచ్చారు. బాబా నెమలి కుంచె నెత్తిన తగలకుండా ఆ రేవులో ఏ కళాసీ సముద్రం మీదకు పోడు. అది తాతల నాటి ఆచారం. ఆయన నిచ్చెన ఎక్కుతున్నారని తెలియగానే ఓడంతా అక్కడికి విరుచుకుపడింది. ఫిరంగుల దగ్గరి వాళ్లు వచ్చారు, బల్లేల వాళ్లు వచ్చారు, వంటవాడు గరిటెతో సహా వచ్చాడు. అందరికంటే ముందు లోవయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బాబా కుంచె ఎత్తలేదు. వాళ్ల మధ్య నుంచి దారి చేసుకుని తిన్నగా ఓడ వెనక్కి వెళ్లారు. అక్కడెవరో చేరగిలేసి వచ్చిన బల్లెం ఉంది. దాన్ని తీసుకుని మోకుచుట్ట మీద కూర్చుని, సముద్రం కేసి చూడసాగారు. వణికే చేతుల్లో బల్లెం చూసి ఒకరిద్దరికి నవ్వొచ్చింది.

లోవయ్య వెనకాలే వచ్చాడు. "బాబా, మనవాళ్లు అటున్నారండి. దీవించాలి."

"తీరిక లేదు నాయనా. కాపలాలో ఉన్నాను."

లోవయ్య చుట్టూ చూశాడు. ఎడమ అంచున ఎవరూ లేరు, కుడి అంచున ఎవరూ లేరు. ఫిరంగులు వాటి మానాన అవి పడి ఉన్నాయి. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. గబగబా వెళ్లి, ఎవరి చోటికి వాళ్లను పంపేశాడు. తనూ చుక్కాని దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు లేచారు బాబా. బల్లెం దాని మనిషికిచ్చి, ఒక్కొక్కరి దగ్గరికీ తనే నడిచి వెళ్లి కుంచె తాకించారు. ఎవడైనా తల వంచబోతే, "నన్ను కాదు, నీళ్లను చూడు" అని గదమాయించారు. ఆఖరున లోవయ్య జబ్బకు తాయెత్తు కట్టారు. కాళ్లకు దండం పెట్టుకోవాలని అతని ప్రాణం కొట్టుకుపోయింది. అయినా సముద్రం మీంచి చూపు తిప్పలేదు. చాలా రోజుల తర్వాత అతని గుండె నెమ్మదించింది.

బాబా నిచ్చెన దిగి పడవెక్కారు. సాగనంపడానికి ఒక్కడూ రాలేదు.

పడవవాడు నొచ్చుకున్నాడు. "ఇదేం మర్యాదండి బాబా? ఒక్కడైనా ఇటు తొంగి చూడలేదు."

"ఇంత మర్యాద నాకు ఎవరూ చెయ్యలేదు" అన్నారు బాబా.

నీటి మీదుగా ఆ మాట లోవయ్య చెవిన పడింది. అతను తల తిప్పలేదు.