మూడు గీతలు, రెండు గీతలు

బొమ్మ వేసినవాళ్ళని వదిలేసి, బొమ్మ కింది చీటీకి చప్పట్లు కొట్టినవాళ్ళు మీలో ఎంతమంది? చేతులెత్తండి చూద్దాం. ఎత్తరు. సరే, వినండి.

అడవి అంచున జీడితోపులో ఏటా జంతువుల చిత్రసంత జరిగేది. సంత సాగినన్నాళ్ళూ అక్కడ వేట నిషిద్ధం. ఏ బొమ్మ ఎక్కడ వేలాడాలో చెప్పేది నక్క. తగువొస్తే తీర్చేది ముసలి ఎద్దు.

ఆ పొద్దున బొల్లమ్మ అనే కోడిపెట్ట ఓ గోనెపట్టా ఈడ్చుకొచ్చింది. ఎర్రమట్టి పూత, దాని మీద బొగ్గు గీతలు. అంతే.

“ఏమే, పెంటదిబ్బ అనుకుని కెలికావా?” అంది నక్క. “ఇందులో చెట్టేది? పుట్టేది?”

“చెట్టు గీయలేదండీ. కిందటి వేసవిలో ప్రాణాలు కాళ్ళలో పెట్టుకుని పరిగెత్తాను. ఆ పరుగు గీశాను.”

“ఓహో, నైరూప్య చిత్రమా! గింజలేరుకునే దానివి, నీకెందుకే ఇవన్నీ? అక్కడ పడేసి పో. చోటుంటే చూస్తా.”

మధ్యాహ్నం బొల్లమ్మ తిరిగొచ్చేసరికి ఆ పట్టా సంత నడిబొడ్డున వేలాడుతోంది. కింద చీటీ: ‘వాననాట్యం. చిత్రకారుడు: నెమలి దొర.’ మేకలూ కుందేళ్ళూ మూగి “ఆహా, ఓహో” అంటున్నాయి. సొమ్మొకడిది, సోకొకడిది!

“అది నాది!” అని అరిచింది బొల్లమ్మ.

నక్క గబగబా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. “గొడవెందుకే? ముక్కూ మొహం లేని బొమ్మ. ఏ తల్లి బిడ్డో ఎలా తేలుస్తావ్? కావాలంటే దొర పేరు కింద నీ పేరు చిన్నగా రాయిస్తాలే.”

“చిన్నగానా? నేను చిన్నగా పరిగెత్తలేదు! ఎద్దు తాతా, ఇటు రా! నాకు తీర్పు కావాలి!”

ఎద్దు నెమ్మదిగా వచ్చింది. “ఏం దొరా, నువ్వేమంటావ్?”

నెమలి మెడ సాచింది. “చూడండి. ఒక అడుగుకి మూడు గీతలు, మరో అడుగుకి రెండు. మూడు, రెండు, మూడు, రెండు. అదే నా నాట్యంలో తాళం. కోళ్ళకి తాళం తెలుస్తుందా?”

“శభాష్!” అంది నక్క.

“బాగా లెక్కపెట్టారు దొరా,” అంది బొల్లమ్మ. “ఒక్కసారి వేసి చూపించండి.”

ఇంకో గోనెపట్టా పరిచారు. నెమలి బొగ్గుపొడిలో కాళ్ళద్ది నడిచింది. మూడు. మూడు. ఒక వేలు ముడుచుకుని గెంతింది, బోర్లా పడింది.

బొల్లమ్మ నడిచింది. మూడు. రెండు. మూడు. రెండు.

ఆమె ఎడమ కాలికి ఒక వేలు లేదు. నమిలే మేకలు నమలడం మానేశాయి.

“మోసం! ఆ వేలు ఇందాకే కోసుకొచ్చింది!” అని గింజుకుంది నక్క.

“కోసుకోలేదు నక్కా. కిందటి వేసవిలో ఇదే తోపులో నువ్వే కొరికావు. నీ నోట్లోంచి కాలు లాక్కుని పారిపోయిన అడుగులే ఇవి. ఆ ఒక్క వేలూ నీ కడుపులో అరిగిపోయింది. మిగిలినవి ఇక్కడ మాట్లాడుతున్నాయి, విను!”

ఎద్దు వంగి కాలు చూసింది. “ఇది పాత గాయమే. మాని ఏడాదవుతుంది,” అంటూ కొమ్ముతో చీటీ చింపేసింది. ఆ కొమ్ముతోనే నక్కని తోపు బయటి దాకా నెట్టుకుపోయింది. నెమలి పింఛం ముడుచుకుని, ఎవరి వంకా చూడకుండా, జీడిచెట్ల వెనక్కి జారుకుంది.

కొత్త చీటీ కట్టారు. బొల్లమ్మ దాని నిండా పట్టేలా ఎడమ కాలే అద్దింది.

నీతి: గీతని దొంగిలించొచ్చు, గీత వెనకున్న గాయాన్ని దొంగిలించలేరు.

ఇక మీ వంతు. ఈసారి ఏ ప్రదర్శనకి వెళ్ళినా, చీటీ చదివి చప్పట్లు కొట్టకండి. “ఇది వేసిందెవరు? ముందుకు పిలవండి!” అని అడగండి. గట్టిగా అడగండి.