దొరవారు లేని మేడ

మల్లెవరం జమీందారు జగ్గభూపతిగారు తన కొత్త మేడ ముందు కూర్చుని ఫొటో తీయించుకున్నారు. తీసింది కెమెరా పెట్టె మోసుకుని ఊరూరా తిరిగే మస్తానమ్మ. ఫొటోలో దొరవారి మీసం వెంట్రుకలతో సహా తేటగా పడింది గానీ, వెనకున్న మేడ పొగమంచు కమ్మినట్టు మసకబారింది.

"ఆరేళ్ళు కట్టించిన మేడని అలికేస్తావుటే? రేపు రెండూ తేటగా రావాలి. రాకపోతే నీ పెట్టె లాక్కుంటాను!" అని జమీందారు గర్జించారు.

ఆ పెట్టే మస్తానమ్మకు కూడు పెడుతోంది.

మర్నాడు ఆమె లెన్సు మార్చింది. "దొరా, దీని కన్నం చాలా చిన్నది. దగ్గరవీ దూరానివీ అన్నీ తేటగా పడతాయి. కానీ వెలుగు మెల్లగా దిగుతుంది. పది నిమిషాలు తమరు మేడలాగే కదలకుండా ఉండాలి."

"అదెంత పని!" అన్నారు జమీందారు. కూర్చున్న మరుక్షణమే మీసం దువ్వారు. విసనకర్రవాణ్ణి తిట్టారు. "అయిందా?" అంటూ నాలుగుసార్లు లేచారు.

ఫొటోలో మేడ కిటికీ ఊచలతో సహా మెరిసింది. కుర్చీలో మాత్రం కాస్త పొగ ఉంది.

"నేనెక్కడే?" అని అరిచారు జమీందారు.

"కదలకుండా ఉన్నదాన్నే ఇది పట్టుకుంటుంది దొరా. మేడ నా మాట విన్నది. ఇప్పుడు చెప్పండి, మేడ లేని తమరు కావాలా, తమరు లేని మేడ కావాలా?"

జమీందారు మొదటి ఫొటో తీసుకుని, పెట్టె వదిలేశారు. రెండోది జమీందారిణిగారు అడిగి పుచ్చుకుని తన గదిలో తగిలించుకున్నారు.

"ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!" అని మురిసిపోయారు.