రాజుగారి తుమ్ము

ఆస్థాన వైద్యులు నీలకంఠాచార్యులుగారు తమ వాకిట్లో ఒక పలక వేలాడదీశారు. "నాడి చూపించుకోదలచినవారు ముందురోజే వచ్చి తమ జబ్బు చెప్పుకోవలెను" అని దాని మీద రాసి ఉంది. ఈ కట్టుబాటు పుణ్యమా అని ఆయనకి మధ్యాహ్నం నిద్ర చక్కగా పట్టేది.

మిరపకాయలు దంచి అమ్ముకునే పోలమ్మ ఒకరోజు, జ్వరంతో మూలుగుతున్న మొగుణ్ణి బండిలో వేసుకుని వచ్చింది.

"నిన్న చెప్పావా?" అన్నారు ఆచార్యులుగారు అరుగు మీద నుంచి.

"నిన్న సాయంత్రం దాకా పొలం దున్నాడండీ. జ్వరం రాత్రే వచ్చింది."

"అయితే ఈరోజు చెప్పావుగా. రేపు రా."

"రేపటిదాకా ఉంటాడో లేదో బాబూ!"

"రాలేని పక్షంలో ఆ సంగతి కూడా ఇప్పుడే చెప్పి వెళ్ళు."

అంతలో రాజుగారి పల్లకీ ఆ వీధిలోకి వచ్చింది. పోలమ్మ ఇంకేమీ బతిమాలలేదు. బండిలోంచి ఖాళీ మిరపగోనె తీసి, గాలివాటం చూసుకుని గట్టిగా దులిపింది.

రాజుగారు పల్లకీ అదిరేలా తుమ్మారు. ఆచార్యులుగారు చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి నాడి పట్టుకోబోయారు. పోలమ్మ అడ్డం నిలబడింది.

"ఆగండి బాబూ! ప్రభువులు నిన్న వచ్చి చెప్పారా?"

"తుమ్ము వస్తుందని ముందురోజే ఎవరికి తెలుస్తుందే, బుద్ధిలేనిదానా!" అని అరిచారు ఆచార్యులుగారు.

పోలమ్మ పలక చూపించింది. రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ పలక చదివారు. బండిలో మనిషిని చూశారు. మిరపగోనెనీ చూశారు.

"ఆచార్యా, ముందు అతని నాడి చూడండి," అన్నారు. "నా తుమ్ముకి రేపు వస్తాను. ఈరోజే చెప్పానని గుర్తుపెట్టుకోండి."