గుడ్లప్పగించడం

మాటల పుట్టుక వెతకడం ఈశ్వరయ్యకు పిచ్చి. ఏ మాట చెవిన పడినా దాని తాతముత్తాతలెవరో తేలేదాకా అన్నం సయించదు. ఆ ఎండాకాలం అతన్ని పట్టుకున్న మాట గుడ్లప్పగించడం. చేతిలో పని వదిలేసి నోరు తెరుచుకుని చూస్తే ఆ మాటంటారని అందరికీ తెలుసు. ఎక్కడ పుట్టిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

చచ్చిన చేప కళ్ళను చూసే ఆ మాట అన్నారని చేపలమ్మే సాయమ్మ చెప్పింది. గుడ్లు ఊడి ఎదుటివాడి చేతిలో పడేటట్టు చూస్తారు గనుక అన్నాడు కంసాలి వీరాచారి. రెండూ అతనికి రుచించలేదు.

చివరికి గురువు నాగభూషణయ్య దగ్గరికి వచ్చాడు. ఆయన మగ్గం నేసుకుంటూనే తత్త్వం చెప్పే ముసలాయన. ఈశ్వరయ్య ఉత్సాహంగా నిన్నటి అంగడి ముచ్చట ఎత్తుకున్నాడు. ఈతచాపలమ్మే ముసలమ్మ ఒకతె వడదెబ్బకు కూలిపోయింది. నలభై మంది మూగారు. గుడ్లప్పగించి చూస్తావేమని ఒకర్నొకరు తిట్టుకున్నారే గాని ఒక్కరూ కదల్లేదు. అంత మంది నోట ఆ మాట ఒక్కచోట దొరకడం అదృష్టమనుకుని, ఈశ్వరయ్య ముందు వరసలో గొంతుక్కూర్చుని పొల్లుపోకుండా రాసుకున్నాడు. కాసేపటికి ముసలమ్మ ప్రాణం పోయింది.

పాపం అని కూడా అన్నాడు, అబద్ధమెందుకు. ఆ తర్వాత రాసుకున్న పుస్తకం గురువు చేతికి అందించాడు.

గురువు మగ్గం ఆపి చదవసాగాడు. ఒకచోట ఆయన వేలు ఆగింది.

"ఇదెవరన్నరు?"

"ఆ ముసలమ్మనే. నీల్లూ అని రెండుసార్లన్నది. చివర సాగదీసింది. మన దిక్కు అట్ల సాగదీయరు గదా, అందుకని రాసిన."

తానేం చెప్పాడో అప్పుడు వినబడింది అతనికి.

గురువు తిట్టలేదు. లేచి, కుండలో నీళ్ళు చెంబుకు ముంచి అతని చేతిలో పెట్టాడు.

"పోయి ఇచ్చి రా."

ఈశ్వరయ్య గడప దాటాడు. వీధి నిండా ఎండ. ముసలమ్మది ఏ ఊరో తెలియదు, పేరు తెలియదు. ఆ రెండూ పుస్తకంలో రాసుకోలేదు. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేశాడు. చెంబులో నీళ్ళు ఒలకకుండా పట్టుకోవడం తప్ప మరేమీ చేతకాలేదు. ఏడుపొచ్చింది.

మళ్ళీ లోపలికి వచ్చాడు.

"యాడికి పోవాలె, గురువుగారూ?"

నాగభూషణయ్య చెంబు అందుకోలేదు.

"నాకూ తెల్వదు, బిడ్డా."