పేరు అడిగే అడవి

అనగనగా ఒక కొండ ఊళ్ళో ఐతమ్మ అనే ఆవిడ ఉండేది. ఇలా దగ్గరికి జరుగు కన్నా, కాళ్ళు కప్పుకో.

ఆ ఊరి అడవి మొదట్లో ఒక రాయి ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళు దాని మీద ఒక ఆకు పెట్టి తమ పేరు చెప్పాలి. వచ్చేటప్పుడు "నా పేరు నాకిచ్చెయ్" అని అడిగి తీసుకోవాలి.

ఐతమ్మ అమ్మమ్మ పొజ్జమ్మ గడ్డలు తవ్వడానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత ఐతమ్మ తల్లి ఉంగమ్మ కార్చిచ్చు ఆర్పడానికి వెళ్ళింది. ఆవిడా రాలేదు. వాళ్ళ పేర్లు అడవిలోనే ఉండిపోయాయి.

ఒకరోజు పట్నం నుంచి ఒక అధికారి వచ్చాడు. "ఈ చెట్లన్నీ కొట్టేసి జామాయిల్ తోట వేస్తాం" అన్నాడు.

అప్పుడు ఊరంతా సభ పెట్టింది. "అడవిని కాసింది మేం. దాని సంగతి చెప్పాల్సిందీ మేమే" అంది ఐతమ్మ.

అతను నవ్వాడు. "మూడు తరాలుగా కాస్తున్నారా? సాక్షుల్ని చూపించండి, మీ హక్కు పత్రం మీద ఇప్పుడే సంతకం పెడతాను."

"సాక్షులు లోపలున్నారయ్యా. పేరు చెప్పి రండి."

"చెట్టుకి నా పేరెందుకమ్మా? పెళ్ళి సంబంధం చూస్తుందా?" అంటూ చరచరా లోపలికి నడిచాడు. ఐతమ్మ రాయి మీద ఆకు పెట్టి, తన పేరు చెప్పి అతని వెనకే వెళ్ళింది.

మిట్టమధ్యాహ్నం. ఒక్క పిట్ట కూయలేదు. ఒక్క ఆకు కదల్లేదు. ఐతమ్మ ఇప్పచెట్టు కింద నిలబడి, "ఈ అడవిని కాసేదెవరు?" అని కేకేసింది.

"పొజ్జమ్మని. ఇక్కడే ఉన్నా." ఆ గొంతు మట్టిలోంచి వచ్చింది.

"ఉంగమ్మని. ఇక్కడే ఉన్నా." ఆ మాటతో పాటు పొగ వాసన వచ్చింది.

"ఐతమ్మని. ఇక్కడే ఉన్నా" అంది ఐతమ్మ.

అధికారి పరుగెత్తాడు. ఎటు పరుగెత్తినా మళ్ళీ ఆ ఇప్పచెట్టు దగ్గరికే వచ్చాడు. అలా మూడుసార్లు.

"పేరివ్వందే దారివ్వరయ్యా."

"ఎవరివ్వరు?"

"విన్నారుగా!"

అప్పుడతను, "నా పేరు పరాంకుశం" అన్నాడు. దారి కనిపించింది. బయటికి రాగానే ఆ రాయి మీదే పత్రం పెట్టి, సాక్షుల గడిలో మూడు పేర్లూ రాసి సంతకం చేశాడు. అడవి ఊరిదైంది.

"అయ్యా, మీ పేరు అడిగి తీసుకోండి!" అని ఐతమ్మ అరుస్తూనే ఉంది. వింటేగా! జీపెక్కి పారిపోయాడు.

ఐతమ్మ తన పేరు అడవికే వదిలేసిందట. ఇప్పటికీ గొడ్డలి పట్టుకుని ఎవరైనా ఆ అడవికి వస్తే మూడు ఆడగొంతులు పలుకుతాయట. వాటి వెనక సన్నగా, ఒక మగగొంతు.

"పరాంకుశాన్ని. ఇక్కడే ఉన్నా."

కథేమో కంచికి,
అడవేమో ఊరికి,
పేరేమో రాతికి,
మనమేమో నిద్రకి.